చింతపండు సాయిబు పట్టు వ్యాపారం

పుంగనూరులో చింతపండు మండీ నడిపే బాబు సాహెబ్‌కు సరుకు పట్టి ఉంచడంలో ఉన్న ఓపిక ఇంకే విషయంలోనూ లేదు. వేసవిలో అందరూ అమ్ముకుంటుంటే అతను కొని, ఉప్పు చల్లి తొక్కించి, వానాకాలం దాకా దానివంక చూసేవాడు కాదు. ధర తనంతట తానే వచ్చి మండీ గుమ్మంలో నిలబడేది. అన్నేళ్లు అలా గెలిచిన మనిషికి లోకంలోని సరుకులన్నీ చింతపండులాగే కనబడితే అందులో వింతేముంది?

యుద్ధం వచ్చాక, మదనపల్లె సంతకు వెళ్లినప్పుడల్లా కాఫీ హోటల్లో ఎవరిచేతనో పేపరు చదివించుకునేవాడు. జపాను పట్టు రావడం ఆగిపోయిందనీ, విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు పట్టు కావాలనీ, మల్బరీ వేసినవాడి పంట పండిందనీ విన్నాడు. ఇక నిద్ర పడితే ఒట్టు. కానీ అతనికి సొంత పొలం లేదు. ఉన్నది అక్క జైనాబ్‌కు. భర్త పోయిన ఆమెకు తండ్రి ఇచ్చిన చిన్న పొలం చెక్క, అందులో ఆరు ముదురు చింతచెట్లు. ఆ కాయే ఆమెకు ఏడాది తిండి.

"నీడ పడితే మల్బరీ రాదు ఆపా. చెట్లు కొట్టించేద్దాం. పెట్రోలు దొరక్క బస్సులన్నీ ఇప్పుడు కట్టెబొగ్గుతోనే నడస్తాండాయి, కట్టెకు మంచి గిరాకీ ఉండాది."

"అబ్బాజాన్ నాటిన చెట్లు రా."

"ఇట్లాంటి ధర మళ్లా వస్తాదా? నా మాట ఇను."

తమ్ముడి మాట ఆమె ఎన్నడూ తోసెయ్యలేదు. ఆ ఒక్కసారి తోసేసి ఉంటే ఎంత బాగుండేది! గొడ్డళ్ల చప్పుడు వినలేక ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

మొదట అంతా అతను చెప్పినట్టే జరిగింది. వచ్చిన చిక్కల్లా అదే. జైనాబ్ మల్బరీ ఆకు మేపి పట్టుపురుగులను పసిపిల్లల్లా సాకేది. గూళ్లు కట్టగానే అతను కుప్పం తీసుకెళ్తే, స్టేషన్ దగ్గర బెంగళూరు వ్యాపారులు పోటీపడి కొనేవాళ్లు. బాబు సాహెబ్ కళ్లు నెత్తికెక్కాయి. మండీలో కూర్చుని లండను, జపాను సంగతులు పక్కింటి సంగతుల్లా చెప్పేవాడు.

నలభై అయిదు ఆగస్టులో యుద్ధం ముగిసింది. లోకమంతా సంబరపడుతుంటే ఇతను గూళ్ల తట్టలతో కుప్పంలో దిగాడు. కొనడానికి వచ్చినవాడు ఒక్కడే. వాడు సగం ధర అన్నాడు. బాబు సాహెబ్ వాణ్ణి నాలుగు తిట్టి, తట్టలన్నీ మళ్లీ బస్సెక్కించాడు.

ఇంట్లో దించిన తట్టలు చూసి జైనాబ్ హడలిపోయింది.

"ఇచ్చేసి రాకుండా యాల తెచ్చినావు? లోపల ప్రాణముండాది రా, గూడు తొలుచుకోని బయటికొచ్చేస్తాది. ఆవిరి పట్టించి పురుగునన్నా చంపేద్దాం."

"ఆవిరి పెడితే తూకం తగ్గతాది. కొన్ని దినాలు అటక మీద ఉండనీ ఆపా. ధర యాడికీ పోదు."

ధర సంగతి ఎలా ఉన్నా, పురుగులు అతని కోసం ఆగలేదు. వారం తిరక్కుండానే ఒక ఉదయం అటకంతా తెల్లని సీతాకోకలు. ప్రతి గూటికీ ఒక చిల్లి. చిల్లిపడ్డ గూటినుంచి దారం రాదు. జైనాబ్ ఒక గూడు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టింది. నోరారా తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

ఆ తర్వాత పట్టును అడిగిన నాథుడు లేడు. మల్బరీ ఎండిపోయింది. మరుసటి వేసవిలో చింతపండు ధర మాత్రం ఎన్నడూ లేనంత పెరిగింది. గింజ తీసే కూలి ఆడవాళ్లు మండీకి వచ్చారు. వాళ్ల వెనకే జైనాబ్ వచ్చింది.

"ఆపా, నువ్వు ఈడికి యాల వచ్చినావు? ఇంటికి రా, నేను సాకతాను."

"అమ్మ పోయినాక నిన్ను సాకింది నేను గదరా బాబూ," అంది ఆమె నెమ్మదిగా. "నా కూడు నేను సంపాదించుకుంటా. యాడ కూర్చోమంటావో చెప్పు."

అన్నేళ్లుగా కూలీలకు చోటు చూపించిన చెయ్యి ఆ పూట లేవలేదు. ఆడవాళ్లే కాస్త జరిగి ఆమెకు చోటిచ్చారు.