మార్తమ్మ టీచర్ రుమాలు ఊపలేదు

పొద్దున ఏడింటికి మా వంటింటి కిటికీలోంచి టప్పుమని చప్పుడు వినిపిస్తుంది. పక్క బడి మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతున్నారు. బ్యాటుకు బంతి తగిలిన ఆ చప్పుడంటే నాకు ఇష్టమే. దాని వెనకే వచ్చే అరుపుకే ఒళ్ళు మండుతుంది. "పందై పారు! పందై పారు!" అని ఆ కోచ్ తమిళంలో గొంతు చించుకుంటాడు. బంతిని చూడు, బంతిని చూడు అని. చేతిలోంచి వదిలేశాక బంతిని చూసి ఏం లాభమయ్యా! నిన్న పట్టలేక, "ముందు చెయ్యి చూడమని చెప్పవయ్యా!" అని కిటికీలోంచి నేనూ అరిచాను. ఎనభై దాటిన ముసలమ్మ ఏదో అంటోందని అతను నవ్వి, ఒక దండం పెట్టి, తన పని తాను చూసుకున్నాడు. నవ్వితే నవ్వాడు, నాకేం. ఆ సంగతి నాకు నేర్పిన మనిషి పేరు మార్తమ్మ టీచర్. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసినవాళ్ళలో చాలామంది ఆమె గురించి ఒక అబద్ధాన్ని నమ్ముతూనే పోయారు. ఆ అబద్ధంలో నా చెయ్యి కూడా ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిపోయి, మేము మద్రాసులో మిగిలిపోయిన ఏళ్ళవి. మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్సుకు నడిచిపోయే దూరంలో తెలుగు ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. దాని పేరు చెప్పను, చెప్పడానికి నాకు మనసు రాదు. నేను ఫోర్తు ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, ఉండగా మార్తమ్మ టీచర్ డ్రిల్లు టీచరుగా వచ్చింది. ఆమె తండ్రి కూడా రైల్వేలోనే పనిచేసి చనిపోయాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మంచాన పడిన తల్లిని పెట్టుకుని ఒకే ఒక్క గదిలో కాపురం. తెల్లచీర, మెడలో ఈల, కాళ్ళకు మగవాళ్ళ కాన్వాసు బూట్లు. ఆ బూట్లు చూసి మేము మొదటి వారమంతా నవ్వుకున్నాం. ఆమె డ్రిల్లు ట్రైనింగులో సాఫ్ట్‌బాల్ అనే ఆట నేర్చుకుని వచ్చింది. క్రికెట్ బంతి కంటే పెద్ద బంతి, గుండ్రటి కర్ర బ్యాటు. బంతి వేసే పిల్లను పిచ్చరు అంటారు. చెయ్యి కిందనుంచి ఊపి విసురుతుంది. మూడుసార్లు తప్పితే కొట్టేవాళ్ళు ఔటు. మా బడికి ఉన్నది ఒక్క బ్యాటు, రెండు బంతులు, పరికిణీలు ఎగదోపుకున్న తొమ్మిదిమంది పిల్లలం.

మొదటిరోజు నేను బ్యాటు పట్టుకుని, బంతి రాగానే కళ్ళు గట్టిగా మూసుకుని గాల్లో ఊపాను. మూడోసారికి టీచర్ ఈల ఊది నా దగ్గరకు వచ్చింది. "ఏమ్మే రాజీ, కండ్లు మూసుకోని ఎవుర్ని కొడతా ఉండావు?" అంది.

"భయంగా ఉండాది టీచర్. ఎప్పుడొస్తాదో తెలవలా."

"మీ యమ్మ నిన్ను కొడతాదా?"

అందరూ కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "కొడతాది టీచర్" అన్నాను.

"కొట్టే ముందర నీకు తెలస్తాదా, తెలవదా?"

"తెలస్తాది. కొంగు నడుంలో దోపుకుంటాది. ఆపైన కుడికాలు ముందుకేస్తాది."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"దొడ్లోకి పారిపోతా టీచర్."

"ఆఁ, చూస్తివా! చెయ్యి లేసేదాకా ఆగుంటే చెంప వాచుండు. నువ్వు కొంగు కాడే కనిపెట్టేస్తివి. ఈ పిచ్చరు కూడా ఒక మీయమ్మే అనుకో. ఈడ్నించి పారిపోయేది లేదు, అంతే తేడా" అంది. ఆ రోజు సాయంత్రం ఇంటికి పోయి అమ్మను చూస్తూ కూర్చున్నాను. ఎందుకే అట్ట గుడ్లప్పగించి చూస్తా ఉండావని అమ్మ తిట్టింది. కొంగు దోపుకోలేదు కాబట్టి నేను కదలలేదు.

ఆ తర్వాత ఆమె మాకు పెట్టిన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. మా వంతు వచ్చేదాకా బెంచీమీద కూర్చుంటాం గదా, ఆ కూర్చున్నప్పుడు కబుర్లు చెప్పుకోకూడదు. ఒక్కొక్కరికి పిచ్చరు ఒంట్లో ఒక భాగం పంచి ఇచ్చేది. ఒకరికి మొహం, ఒకరికి భుజం, నా స్నేహితురాలు మేరీకి మోచెయ్యి, నాకు పాదాలు. "నీకిచ్చింది ఒళుంగా, సరిగ్గా చూడు. చూసింది పక్కనున్నదానికి చెప్పు. చెప్పకుంటే నీ కండ్లు దండగ" అనేది. నెమ్మది బంతి వస్తుందని తెలిస్తే ఒక అడుగు ముందుకు జరిగి, ఒక గుటక మింగి అప్పుడు కొట్టాలి. వేగం బంతి అయితే పిడిని కాస్త పైకి పట్టుకుని, ఊపు తగ్గించి పొట్టిగా తిప్పాలి. నిన్న తగిలిన దెబ్బే ఇవాళా తగులుతుందని మొండిగా నిలబడితే ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. "ఆ పిల్ల మారినాక నువ్వు మారవా? రాయివా నువ్వు?" అని మైదానమంతా వినబడేట్టు అరిచేది.

రెండో ఏడు మమ్మల్ని ఊళ్ళో ఒక పెద్ద బడితో ఆటకు పిలిచారు. వాళ్ళ మైదానంలో గడ్డి కూడా కత్తిరించి ఉంది. వాళ్ళకు ఒకే రంగు బట్టలు, తెల్ల బూట్లు, మనిషికో తోలు గ్లవ్వు. మాకు వట్టి కాళ్ళు. వాళ్ళ పిచ్చరు పొడుగుపిల్ల, చెయ్యి తిరిగితే కనబడేది కాదు. వేగంగా వేస్తుందనుకుంటే నెమ్మదిగా వేసేది, నెమ్మది అనుకుంటే బంతి గుండెలమీదికి వచ్చేది. సగం ఆట అయ్యేసరికి మాకు ఒక్క పరుగూ లేదు. చుట్టూ కూర్చున్నవాళ్ళు మా వరసను చూసి చప్పట్లు కొడుతున్నారు, మమ్మల్ని మెచ్చుకుని కాదు. మార్తమ్మ టీచర్ మైదానం చివర ఎండలో నిలబడి ఉంది. రుమాలుతో మెడ తుడుచుకుంటోంది. ఎప్పట్లా అరవలేదు.

అప్పుడు చూశాను నేను. నెమ్మది బంతి వేసేటప్పుడు ఆ తెల్ల బూటు జానెడు తక్కువ దూరంలో పడుతోంది. మేరీకి చెప్పాను. "అవునే, అప్పుడు మోచెయ్యి కూడా డొక్క నించి ఎడంగా పోతా ఉండాది" అంది మేరీ. ఇద్దరం మెల్లిగా లెక్క సరిచూసుకున్నాం. "ఇప్పుడు మెల్లిది" అంటే మెల్లిదే వచ్చింది. "ఇప్పుడు గట్టిది" అంటే గట్టిదే. బెంచీ మొత్తానికి చెప్పేశాం. నా వంతు వచ్చింది. తెల్ల బూటు దగ్గరగా పడింది, అడుగు ముందుకేశాను, గుటక మింగాను, కొట్టాను. బంతి కంచె దాకా పోయింది. ఇద్దరు పిల్లలు పరుగు పూర్తిచేశారు, నేనూ వచ్చేశాను. ఆ తర్వాత మమ్మల్ని పట్టేవాళ్ళు లేకపోయారు. రెండు పరుగుల తేడాతో గెలిచాం. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ పెళ్ళిరోజున కూడా కలగలేదు, మా ఆయన లేడు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆ సంతోషం ఒక్క ఘడియ నిలవనిచ్చారా? వాళ్ళ ఆటల టీచరు విసవిసా వచ్చింది. మార్తమ్మ టీచర్ రుమాలు ఊపి మాకు సైగలు చేసిందట! ఎండలో రెండు గంటలు నిలబడిన మనిషి చెమట తుడుచుకుంటే అది సైగట! మేమే చూసి కనిపెట్టామని మేరీ చెప్పబోతే ఆవిడ పకాలున నవ్వింది. ఎవరో చెప్పకపోతే ఈ క్వార్టర్స్ పిల్లలకు అంత బుర్ర ఎక్కడిది అంది తమిళంలో, మాకు తమిళం రాదనుకుందో ఏమో.

వారం తిరక్కుండా మా బడికి ఫిర్యాదు వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్‌కు ఆ పెద్ద బడివాళ్ళంటే భయం, గౌరవం రెండూ ఉండేవి. మార్తమ్మ టీచర్ ఆమె గదిలోకి వెళ్ళి, మా అందరికీ వినబడేలా చెప్పింది. "ఆ బంతేసే పిల్లను ఈడికే పిలిపించండమ్మా. నన్ను గేటుకి ఆ పక్క, వీపు తిప్పి నిలబెట్టండి. మా పిల్లోళ్ళు కొడతారో లేదో మీరే చూడండి." ఎంత సులువైన పరీక్ష! రచ్చ పెంచడం తనకు ఇష్టం లేదని హెడ్మిస్ట్రెస్ అంది. నిజం తేల్చడం రచ్చ అయిపోయింది చూడండి.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిపించింది. "రా రాజీ, కూర్చో తల్లీ" అంది. ఆమె బల్లమీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. టీచర్ రుమాలుతో సైగ చేయగా మేము బంతిని గుర్తుపట్టామని అందులో ఉంది. "నువ్వు సంతకం పెడితే చిన్న పొరపాటని మందలించి వదిలేస్తాం. పెట్టకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. పాపం, తల్లి మంచంలో ఉందట కదా" అంది హెడ్మిస్ట్రెస్. కలం మూత తీసి నా వైపు తిప్పి పెట్టింది. నేను పెట్టాను. టీచర్‌ను కాపాడుతున్నానని మురిసిపోతూ మరీ పెట్టాను. మూడో రోజున ఆ సంతకాన్నే చూపించి ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

బడి వదలగానే ఆమె గదికి పరిగెత్తాను. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏమ్మే, ఆ పిల్ల కాళ్ళు నువ్వు చూసినావా లేదా?"

"చూసినా టీచర్."

"చూడలేదని ఎట్ట రాస్తివి మరి?"

"మీ ఉద్యోగం నిలబడతాదని చెప్పినారు టీచర్."

అప్పుడు ఆపింది చెయ్యి. "నిన్ను కూర్చోమనిందా ఆయమ్మ?"

"ఆఁ."

"ఎన్నడన్నా అనిందా అంతకు ముందర?"

"లేదు టీచర్."

"కాయితం నీ ముందర రాసిందా?"

"ముందే టైపు కొట్టి ఉండాది."

"పేనా మూత?"

"తీసిచ్చింది టీచర్."

"అన్నీ చూసినావు గదే! అన్నీ చూసి కూడా బ్యాటు ఎత్తకుండా నిలబడిపోతివి" అంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె నన్ను దగ్గరకు తీసుకోలేదు. "నాకు కోపం లేదని చెప్పను పాపా. ఉండాది. నీ మీద కూడా ఉండాది. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి దొరకతాది. మీ తొమ్మిది మందికీ కండ్లు లేవని రాసి పెట్టుకున్నారే, అదే దా నాకు మంట" అంది. లోపల తల్లి దగ్గితే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే నోట్‌బుక్కులో కాగితం చింపి, జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసి హెడ్మిస్ట్రెస్ బల్లమీద పెట్టాను. ఆమె చదవలేదు. మడిచి చెత్తబుట్టలో వేసింది. "పెట్టిన సంతకం పెట్టిందే. పో, క్లాసులో కూర్చో" అంది. ఈసారి తల్లీ అనలేదు, కుర్చీ కూడా చూపించలేదు. ఆ నెలాఖరుకు మార్తమ్మ టీచర్ తల్లిని తీసుకుని నెల్లూరు వైపు వెళ్ళిపోయింది. మేము తొమ్మిదిమందిమీ మళ్ళీ ఆ బ్యాటు ముట్టుకోలేదు. ఆమెను నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఆఫీసులో పనిచేశాను. ఎవరైనా ఎన్నడూ లేనిది కుర్చీ జరిపి, కాఫీ తెప్పించి, తీయగా పలకరించారంటే నేను కాగితాన్ని చూడను, ముందు వాళ్ళ చేతులు చూస్తాను. దానివల్ల నాకు మొండిఘటమని పేరొచ్చింది, రావలసిన ప్రమోషన్లు రెండు రాలేదు. దానికి చింత లేదు. వయసుతోపాటు కోపం తగ్గించుకోమని మా పిల్లలు చెబుతారు. ఎందుకు తగ్గించుకోవాలి? ఆ కోపం ఆమెది. నా దగ్గర పెట్టి వెళ్ళింది.

నన్ను నిద్రపోనివ్వనిది ఒకటే. మార్తమ్మ టీచర్ గురించి కాగితం మీద మిగిలిన ఆఖరి మాట నాది, అది అబద్ధం. అందుకని ఇది రాస్తున్నాను. ఆమెకు చెమట పట్టింది, తుడుచుకుంది. పాదం చూసింది నేను. మోచెయ్యి చూసింది మేరీ. చూడటం నేర్పింది ఆమె. దీన్ని ఎవరూ టైపు కొట్టి నా ముందు పెట్టలేదు, ప్రతి అక్షరమూ నేనే రాసి సంతకం పెడుతున్నాను.

రాజేశ్వరి, పెరంబూరు ఫిట్టరు కూతురు.