ఇంటికొక్క పశువు

మా అమ్మమ్మ తన బర్రెను తోలుకునే కూతురింటికి వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక మా కిరాయి ఇల్లు, పెరట్లో బర్రె, దాని పక్కన దూడ. "ఇది పాలిచ్చినన్ని దినాలు నేను అల్లుని బువ్వ తిన్నట్టు గాదు" అనేది. గల్లీలో సగం ఇళ్ల చాయ్ మా బర్రె పాలతోనే. పాలు ఆగిపోతే తిరిగి పోవడానికి ఆమెకు ఊళ్లో ఇల్లూ లేదు, ఇక్కడ విలువా ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మా బాపుకూ తెలుసు.

ఒకరోజు ఆమె తవుడు కోసం ఉస్మాన్‌గంజ్ పోయినప్పుడు బల్దియా ఆఫీసు నుంచి గల్లీల శుభ్రత చూసే సఫాయి దరోగా వచ్చాడు. ఇళ్ల మధ్య ఇంటికొక్క పశువే ఉండాలట, మా ఇంట్లో రెండున్నాయట. ఒకటి పోకపోతే రెండిటినీ బందెలదొడ్డికి తోలిస్తానన్నాడు. మా బాపు గుమాస్తా. రూలు అన్నమాట వినపడితే చాలు, చేతులు కట్టుకుని నిలబడతాడు. పోవాల్సి వస్తే పాలియ్యనిదే పోవాలి గదా అనుకుని, గల్లీ చివరి కసాయిని పిలిచి దూడను పలుపుతో సహా అప్పజెప్పాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది.

దూడ వచ్చి మూతి పెడితే గాని బర్రె చేపదని, పాలు దించదని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం అమ్మమ్మ చెంబు పట్టుకుని కూర్చుంటే బర్రె తన్నింది. చుక్క పాలు రాలేదు. మా ఇళ్లల్లో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఆయన వింటుండగానే మా అమ్మతో అంది, "మీ ఆయనకు చెప్పు బిడ్డా, నన్ను గూడ పలుపు కట్టి గా కసాయికే ఇయ్యమను." బాపు పేపర్లో పేజీ తిప్పాడు.

తెల్లారి ఆమె కసాయి దగ్గరికి పోయి దూడ తోలు తెచ్చింది. ఉప్పు రాసి, లోపల ఎండుగడ్డి కూరి, దబ్బనంతో కుట్టి, కట్టె కాళ్లు పెట్టి బర్రె ముందు నిలబెట్టింది. బర్రె వాసన చూసింది, నాకింది, చేపింది. నాకు ఏడుపొచ్చింది. "ఏందే ఏడుపు, గీ చెంబు పట్టు" అంది అమ్మమ్మ.

దరోగా మళ్లీ వచ్చాడు. గడ్డి దూడను చూసి నవ్వి, ప్రాణం లేనిది లెక్కలోకి రాదన్నాడు. మా పాల చాయ్ తాగి పోయాడు. ఆయనతో పాటు బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బర్రె నాకి నాకి వానాకాలానికి కుట్లు ఊడిపోయాయి. ఒక పొద్దున అమ్మమ్మ పాలు పిండుతుండగా దూడ కడుపులోంచి గడ్డి బయటికొచ్చింది. బర్రె ఆ గడ్డిని లాగి నమలడం మొదలుపెట్టింది. పాలు మాత్రం ఆగలేదు. పక్కనే చాయ్ తాగుతున్న బాపు గ్లాసు కింద పెట్టేశాడు.

అమ్మమ్మ పిండడం ఆపకుండానే మా అమ్మను పిలిచింది.

"మీ ఆయనను తాగమను బిడ్డా. కన్నతల్లే తింటున్నది, ఆయనకేమైంది?"