చెరువులో వదిలిన పూలదండ

నాచారంలో మా కాలనీ పక్కనున్న చెరువులో గుర్రపుడెక్క తీసే పడవ మునిగి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఏడాది తిరిగాక కాలనీ సంఘం వాళ్లు సంస్మరణ సభ పెట్టి నన్నూ పిలిచారు.

చెరువుకట్ట మీద ఫ్లెక్సీ కట్టారు. అందులో నాయకులు నిలువెత్తున దండం పెడుతున్నారు. పోయినవాళ్ల ముఖాలు మాత్రం అడుగున, ఉప్పల్ ప్రింటింగ్ షాపు ఫోన్ నంబరు పక్కన, పాస్‌పోర్టు సైజులో ఉన్నాయి. వాళ్ల భార్యలను ముందు వరుసలో కూర్చోబెట్టి, అతిథులు ఎక్కువయ్యేసరికి లేపి పక్కన నిలబెట్టారు. అందరూ మౌనం పాటించాలని చెబుతూ ఒకాయన ఆ రెండు నిమిషాలూ మైకులో మాట్లాడుతూనే ఉన్నాడు.

తర్వాత పెద్ద నాయకుడు చెరువు మధ్యలో పూలదండ వదలాలన్నాడు. పెద్దమనుషులు పడవెక్కుతున్నారని కొత్త లైఫ్ జాకెట్లు తెప్పించారు. ఈ చెరువు మీద లైఫ్ జాకెట్ చూడటం నాకు అదే మొదటిసారి. వాళ్లు బెల్టులు బిగించుకుని కాస్త దూరం వెళ్లి, దండ వదిలి, ఫొటోలు దిగి క్షేమంగా తిరిగొచ్చారు. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున వాకింగ్‌కు వెళ్తే, ఇద్దరు కూలీలు బనియన్లతో అదే పడవలో నిలబడి, నీళ్ల మీదికి వంగి ఆ దండను లాగుతున్నారు.

"జాకెట్లేవి తమ్ముడూ?" అని ఒడ్డు నుంచే అరిచాను.

"గవి పెద్దసార్లకు తెచ్చినయి సార్. నిన్ననే వాపస్ పట్టుకపోయిన్రు."

"మరి ఆ దండెందుకు తీస్తున్నారు?"

"గా పెద్దసారే ఫోన్ జేసిండు. చెరువుల చెత్త కనబడొద్దట."