బాదం చెట్టుకెక్కిన తెల్లదోమ

రాజమండ్రిలో మా ప్రహరీగోడకు ఆనుకుని, వీధి వైపు ఒక బాదం చెట్టు ఉండేది. దాని నీడలో ఒకామె బండి పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది.

తొంభైల చివర్లో ఒక వానాకాలం కడియం నర్సరీ నుంచి జామ అంటు తెచ్చాను. పాతేటప్పుడు మా ఆవిడ ఆకు తిప్పి చూసి, "ఏంటండీ, వెనకంతా ముగ్గు వేసినట్టుంది?" అంది. నిజమే, తెల్లటి పొడి మెలికలు తిరిగి ఉంది.

"దుమ్మేలే. వానకి పోతుంది" అన్నాను. మళ్లీ వెళ్లి మార్చుకురావడానికి బద్ధకించాను.

పోలేదు. అది ఆకుల రసం పీల్చే తెల్లదోమ గుడ్ల పొడి. ఎండలు ముదిరేసరికి జామ ఆకుల నిండా ఆ దోమే పట్టింది. ఆ కొమ్మలు నరికి, కాల్చకుండా గోడ మీంచి బాదం చెట్టు మొదట్లోకి విసిరేశాను. కొన్నాళ్లకు దోమ బాదం ఆకులకెక్కింది. పైనుంచి అది విసర్జించే తియ్యటి జిగురు రాలేది. జిగురు పడ్డ ఆకులు మసి పూసినట్టు నల్లబడేవి.

ఆ జిగురు ఇస్త్రీ బట్టల మీదా పడింది. "చొక్కాలకి బెల్లం పాకం పట్టిస్తున్నానంటండి బాబుగారూ! ఇంక పూతరేకులు చుట్టుకోవడమే" అని ఆమె నవ్వేది. బట్టలు వేసేవాళ్లు తగ్గాక నవ్వడం మానేసింది. లారీల పొగ వల్లే ఆ నలుపని వీధిలో అంటే నేనూ తలూపాను.

చివరికి, ఆ జిగురు బాధ పడలేక చెట్టు కొట్టించేద్దామని ఎదురింటాయన మా గుమ్మంలోకి వచ్చాడు. "మీ గోడ పక్కది కదా, మీరు ఊఁ అంటే రేపే మనిషిని పిలుద్దామండి."

బండి దగ్గర్నుంచి ఆమె వింటోంది. "ఈ బొగ్గుల పెట్టెతో ఎండలో నిలబడమంటారాండి?" అంది.

ఇక దాచలేకపోయాను. "దోమ మా జామ మొక్కతో వచ్చిందండి. దుమ్మే అని ఊరుకున్నాను. ఆ కొమ్మలు అక్కడ పడేసిందీ నేనే. కొన్నాళ్లు ఆగండి, మందు కొడతాను."

"ఆ ముక్క ముందే చెప్పొద్దా!" అన్నాడాయన.

"ఇన్నాళ్లూ లారీల్ని తిట్టానండి నేను" అంది ఆమె.

మర్నాడు జామను వేళ్లతో సహా పీకి కాల్చాను. బాదం కింది కొమ్మలు కొట్టించి అవీ కాల్చాను. పొలాల్లో మందు కొట్టే పంపు అద్దెకు తెచ్చి, సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి ఆకుల వెనక తగిలేలా వారం వారం కొట్టాను. సగం నా నెత్తి మీదే పడేది. దోమ పూర్తిగా పోలేదు. వానలు పడ్డాక జిగురు ఆగింది, కొత్త చిగురు వచ్చింది. చెట్టు కొట్టే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మానేసిన ఇళ్లలో కొన్ని మాత్రం ఆమె దగ్గరికి తిరిగి రాలేదు. మా బట్టలు ఇచ్చేటప్పుడు ఆమె ఒక చొక్కా మడత విప్పి, అటూ ఇటూ తిప్పి చూపించేది.

"చూసుకోండి బాబుగారూ, దుమ్మేం లేదు."