ముప్ఫై కోసం మూడు వారాలు

మా పెద్దమ్మకు ‘పోనీలే’ అనడానికి నోరు తిరగదు. మిగతా మాటలన్నీ తిరుగుతాయి, అవసరానికి మించి తిరుగుతాయి. ఒకసారి ఆస్పత్రిలో ఆపరేషన్ బల్ల మీద పడుకుని, మత్తు ఇవ్వబోతున్న డాక్టరును ఆపి, బిల్లులో దూది రెండుసార్లు ఎందుకు రాశారని అడిగింది. ఆయన ఒక దూది కొట్టేశాకే కళ్లు మూసుకుంది.

ఆవిడ ఇంట్లోనే మిషను కుడుతుంది. తను కుట్టిన బట్టకు ఎప్పుడు కుట్లు ఊడినా ఊరికే వేసిస్తానని పాతికేళ్ల కిందట అందరికీ మాటిచ్చింది. ఆ చొక్కాలు తండ్రుల ఒంటి మీంచి కొడుకుల ఒంటి మీదికి వచ్చాయి, పెద్దమ్మ ఇంకా కుడుతూనే ఉంది. “ఊరికే అన్నాక ఊరికేనే” అంటుంది.

అలాంటి మనిషి ఖాతాలో బ్యాంకువాళ్లు ముప్ఫై రూపాయలు కోశారు, పాస్‌బుక్కు ప్రింటు వేసినందుకట. మూడు నెలల కిందటిదాకా డబ్బు తీసుకోకుండానే వేసేవారు. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మేనేజరు పాపం మెత్తని మనిషి.

“బాబూ, ఈ ముప్ఫై దేనికి?”

“ప్రింటింగ్ చార్జీ అమ్మా. కొత్త రూలు.”

“ఇన్నాళ్లూ ఊరికే వేశారుగా. మీకేమన్నా నష్టం వచ్చిందా?”

మేనేజరు నిజాయితీగా ఆలోచించాడు. “రాలేదమ్మా.”

“మరెందుకు?”

“హెడ్డాఫీసు చెప్పింది.”

“హెడ్డాఫీసుకు ఎవరు చెప్పారు?”

ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆయన ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. రెండో వారానికి సెక్యూరిటీ గార్డు ఆవిడ కోసం ఫ్యాను కింద కుర్చీ పట్టి ఉంచుతున్నాడు. ఒకాయన ఆవిడను బ్యాంకు ఉద్యోగి అనుకుని డబ్బు తీసుకునే కాగితం చేతికిచ్చాడు. ఆవిడ తిరగేసి చూసి, సంతకం లేదని వెనక్కి పంపింది.

మూడో వారంలో ఆవిడను తీసుకురావడానికి వెళితే మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు.

“మీ పెద్దమ్మగారి ముప్ఫై మొదటిరోజే తిరిగి వేసేశానండీ. ‘నాది సరే, మిగతావాళ్లది ఎప్పుడు?’ అంటున్నారావిడ. ఎంతమందో అడగడానికి నాకు ధైర్యం చాలట్లేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చాక నిలదీశాను. పెద్దమ్మ సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. నడుము, భుజం అని గీసుకున్న గళ్లలో పదకొండుమంది ఖాతా నంబర్లు ఉన్నాయి. అందరూ మా వీధిలో ఇళ్లలో, స్కూల్లో, సినిమా హాల్లో పని చేసేవాళ్లు.

“స్కూల్లో వంట చేసే ఆవిడ ఒకసారి ముప్ఫై పోయాక పుస్తకం ప్రింటు వేయించడమే మానేసింది. రెండు నెలలుగా జీతం పడలేదని ఆవిడకు తెలియనే తెలియదు. అందుకని, బ్యాంకు తిరిగిచ్చిందని చెప్పి తలా ముప్ఫై ఇచ్చేశాను.”

“బ్యాంకు ఇచ్చిందా?”

“ఇంకా లేదు. ఇవ్వకపోతే నేను అబద్ధం ఆడినట్టవదూ?”

అప్పటిదాకా ఆవిడ పక్కన నడవాలంటే సిగ్గుపడ్డవాణ్ని, ఆ రోజు సంచి నేనే మోశాను.

చివరికి మేనేజరు హెడ్డాఫీసుకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. మూడు పేజీలు పెద్దమ్మ చెప్పినవే. నెలలో మొదటి ప్రింటుకు చార్జీ లేదని, ఇప్పటిదాకా కోసినవి తిరిగి వేస్తామని జవాబొచ్చింది. ఈలోగా వంటావిడ పుస్తకం ప్రింటు వేయించి, స్కూల్లో చూపించి తన రెండు నెలల జీతమూ రాబట్టుకుంది.

వారం తిరక్కుండా పదకొండుమందీ ఇంటికి వచ్చారు.

“అక్కా, బ్యాంకువాళ్లు మళ్లీ ముప్ఫై వేశారు” అంది వంటావిడ. “మొన్న నువ్వు తెచ్చిచ్చావుగా. ఇది వాళ్ల పొరపాటే. పద, వెనక్కిచ్చేద్దాం.”

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ “ఉంచుకోండి” అంది.

“అదెలా కుదురుతుంది? మనది కానిది మనకెందుకు?”

జీవితంలో మొదటిసారి పెద్దమ్మ మాటసాయం కోసం నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. వంటావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొంగు ముడి విప్పి ముప్ఫై తీసి మిషను మీద పెట్టింది. మిగతావాళ్లూ పెట్టారు.

“తియ్యండి, గుడ్డ నలుగుతుంది” అని కసిరింది పెద్దమ్మ.

“నువ్వు తీసుకునేదాకా కదలం” అని అందరూ ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు.

గంటన్నర పట్టింది. నేను చూసినంతలో ఆవిడ ఓడిపోయిన తగువు అదొక్కటే. వాళ్లు గుమ్మం దాటుతుంటే నోట్లు లెక్కపెట్టుకుని, ఎవరో పది ఎక్కువిచ్చారని పదకొండుమందినీ వెనక్కి పిలిచింది.