పట్టాలు లేని దారి

2006లో దుబాయ్‌కి ఇంకా రైలు రాలేదు. అయినా ఆ ఊరికి దూరంగా ఉన్న హత్తా కొండల నడుమ ఒక కాలిదారి, ఎవరో పట్టాలు పీకేసిన రైలుమార్గంలా చదునుగా, ఎండిన వాగు వెంట సాగేది. ఒక శుక్రవారం, సెలవు రోజున, ఆ దారిలో నాకు తోడైనవాడు ఒక గుంతకల్లు మనిషి. ఊళ్లో రైలు పట్టాలు బాగుచేసే కాంట్రాక్టు గ్యాంగ్‌మన్‌, ఇక్కడ ఖర్జూరతోటలో పని. అడుగులు మాత్రం ఇంకా పట్టాల కింద ఒక స్లీపరు దిమ్మె మీంచి ఇంకోదాని మీదికి వేసినట్టే వేస్తున్నాడు.

లోయ ఇరుకైన చోట అతను ఆగి, బండకు చెవి ఆనించాడు.

"పైకెక్కు సామీ. వస్తాండాది."

"ఏమిటి, ఎక్స్‌ప్రెస్సా?"

"నీళ్లు! ఎగువన వాన పడినట్టుండాది. యల్లా, ఎక్కు!"

చదువుకున్నవాణ్ని కాబట్టి ముందు ఆకాశం చూశాను. ఒక్క మబ్బు లేదు. అతను నా కాలర్ పట్టి గట్టు మీదికి లాగాడు.

మరి కాసేపటికి, అంతకుముందు మేం నిలబడ్డ చోటు మీదుగా బురదనీళ్లు బండల్ని దొర్లించుకుంటూ వచ్చాయి. అతను అంచున నిటారుగా నిలబడి, వెళ్లే బండికి పచ్చజెండా చూపినట్టు చెయ్యి చాపాడు. ప్రవాహం సన్నబడేదాకా దించలేదు.

ఎందుకో, అతని పక్కన నేనూ చెయ్యి చాపాను.