ఉద్ధరిణి వీపు మీదుగా

మా తమ్ముడు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కాలేయం పాడైందన్నారు. చీపురుపల్లిలో మా గుమ్మమెక్కి వాడి చేతి గ్లాసు అందుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు తెలియాలని ఈ నాలుగు మాటలు.

ఒక మామూలు పొద్దు గుర్తొస్తోంది. తులసికి నీళ్లు పోసి, దీపం పెట్టి, తీర్థం తీసుకుందామంటే పంచపాత్రలో ఉద్ధరిణి లేదు. వెతుక్కుంటూ వెళ్తే వంటింట్లో వాడి చేతిలో ఉంది. గాజు గ్లాసు అడుగున అల్లం వేసి కాచిన తాటిబెల్లం పాకం. దానిమీద ఉద్ధరిణి బోర్లించి, వీపు మీదుగా బీరు సన్నగా జారవిడుస్తున్నాడు. కింద నలుపు, పైన పసుపు, ఆపైన నురగ. ఒకదాంట్లో ఒకటి కలవలేదు.

"ఒరే, అది దేవుడిదిరా!"

"అందుకే అప్పా, సెయ్యి వణకట్లేదు. మీ గరిటెలకి ఈ వంపేదీ?"

పైపైన కడిగి మళ్లీ పంచపాత్రలో పెట్టేశాడు. మర్నాడు తీర్థం పుచ్చుకున్న పక్కింటావిడ చప్పరించి, "ఏటి అప్పా, మీ దేవుడికి జలుబు సేసినాదేటి? అల్లం ఏసినావు!" అంది. వాడు తలుపు చాటున పడీ పడీ నవ్వాడు.

ఈ పనంతా మిలిటరీ మెస్‌లో నేర్చాడు. పాకిస్తాన్ యుద్ధం అయ్యాక పింఛనుతో ఇంటికొచ్చేసినా, కేంటీన్ సీసాలు ఎలాగో వెంట వచ్చేవి. ఎండాకాలం నిమ్మసోడా కలిపేవాడు. "బరువైంది కిందుండాల, తేలికైంది పైనుండాల. ఇల్లూ అంతే అప్పా. నువ్వు కిందున్నావు, మేం తేలతన్నాం" అనేవాడు. భర్త పోయి వాడి ఇంట చేరినదాన్ని నేను. ఆ మాటతో నాకు తల ఎత్తుకునే చోటిచ్చాడు.

విజయనగరం డాక్టరు చుక్క ముట్టొద్దన్నాడు. "నేను తాగింది తక్కువప్పా, పోసిందే ఎక్కువ" అన్నాడు. నమ్మాను. నమ్మడం తేలిక.

ఆఖరి రోజుల్లో మంచం మీంచి అడిగాడు: "ఒక్క గ్లాసు పొయ్యి అప్పా. తాగను, సూస్తాను."

పొయ్యలేదు. అదే ఉద్ధరిణితో తులసి తీర్థం పోశాను. రెండు గుటకలు దిగాయి. మూడోది పెదవి చివరనుంచి జారిపోయింది. దేవుణ్ణి అడగడం తప్ప నాకేం చేతనవును? అడిగాను.

రేపు పదో రోజు. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఇస్తరాకులో పెట్టాలి. బియ్యం డబ్బా వెనక ఒక సీసా మిగిలింది.

"మనిసిని తినేసిందాన్నే మళ్లీ పెడతారేటి వదినా?" అని వాడి భార్య, మా మరదలు ఏడ్చింది.

"పెట్టకపోతే కాకి ముట్టదు, వదినా" అన్నాడు ఆమెతో మా చిన్న తమ్ముడు, తల దించుకుని.

ఇద్దరూ నావైపు చూశారు. చివరికి మరదలే కళ్లు తుడుచుకుని, "పెట్టండి. తాగను, సూస్తానన్నాడు కదా, సూడనీండి" అంది.

ఈ సాయంత్రం అలా తేలింది. ఇస్తరి పక్కన ఒకే గ్లాసు. కింద పాకం, పైన బీరు, కలవకుండా. పోసేది నేను. ఉద్ధరిణి తోమి, ఆరడానికి బోర్లించాను. వీపు మీద ఒక నీటిచుక్క నిలిచింది. పడుకునే ముందు నీళ్లతో ఒకసారి పోసి చూసుకోవాలి.